మా కారులో అమెరికా ఎన్నికలు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు జరిగిన ఏడాది, దేశ రాజధానిలోని మయూర్ విహార్ నుంచి నోయిడాకు మేం ముగ్గురం ఒకే కారులో ఆఫీసులకు వెళ్లేవాళ్లం. ముగ్గురిదీ ఒకే అపార్ట్‌మెంట్ సొసైటీ, కారు నాది. నేనొక వార్తాసంస్థలో తెలుగు అనువాదకుణ్ణి. రోజంతా ఆ ఎన్నికల వార్తలే తెలుగు చేసేవాణ్ణి కాబట్టి, కారులో మళ్లీ వాటి గురించి నోరు విప్పబుద్ధయ్యేది కాదు. ఆ పని మిగతా ఇద్దరూ చేసేవారు.

ముందు సీట్లో కూర్చునే ఆయన సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. కరీంనగర్ వైపు మనిషి. ఒక ఐటీ క్యాంపస్‌లో సెక్యూరిటీ వ్యవహారాలు చూసేవారు. ఆయన కూతురు ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతుండగా యుద్ధం మొదలైంది. చలిలో సరిహద్దు దాకా నడిచి ఎలాగో ఇల్లు చేరింది. అప్పటినుంచి చదువు ఆన్‌లైన్ క్లాసులతో నడుస్తోంది. వెనక సీట్లో ఆవిడది కాకినాడ. ఐటీ మేనేజరు. ఆవిడ టీమంతా ఒకే అమెరికన్ కంపెనీ పని మీద ఆధారపడి ఉండేది.

అమెరికాలో రెండు పెద్ద పార్టీలకు వాడే రంగుల్లో చెప్పాలంటే ఆయనది ఎర్ర పార్టీ, ఆవిడది నీలం పార్టీ. ఓటు మాత్రం ఇద్దరికీ లేదు.

"ముందు ఆ లడాయి ఆగాలె. ఆపుతనన్నోడు గెల్వాలె" అనేవారాయన.

"ఆపుతానని ఎవరైనా అంటారంకుల్. ఎలా ఆపుతాడో చెప్పాడా? బయటి దేశాల్లో చేయించే పని మీద అతను పన్ను వేస్తే మా వాళ్లు సగంమంది ఇంటికే" అనేదావిడ.

ఒకరోజు ఫ్లైఓవర్ దిగగానే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. మాటా మాటా పెరిగింది. ఆవిడ విసిగిపోయి, "మీ అమ్మాయి క్షేమంగా వచ్చేసింది కదా! ఇంక ఆ యుద్ధం సంగతి మీకెందుకు?" అంది.

ఆయన సీటు బెల్టు విప్పుకున్నారు. "బండి పక్కకాపు భయ్యా" అన్నారు నాతో. దిగి, మెట్రో స్టేషన్ వైపు నడిచారు.

తర్వాత కొన్నాళ్లు ఆయన మెట్రోలోనే వెళ్లారు. ఫలితాల వార్త నేనే తెలుగు చేశాను. ఎర్ర పార్టీ గెలిచింది. ఆ సాయంత్రం లిఫ్టులో ఆయన కనిపిస్తే ఆవిడ, "కంగ్రాట్స్ అంకుల్" అంది. కాస్త ఆగి, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అని కూడా అంది.

"అచ్ఛా, పోనీయమ్మా" అన్నారాయన.

మర్నాడు పొద్దున మళ్లీ కారు దగ్గరకొచ్చారు. వాదనలు మాత్రం మళ్లీ జరగలేదు.

నెలలు గడిచినా యుద్ధం ఆగలేదు. పన్నుల భయంతో ఆ అమెరికన్ కంపెనీ ఖర్చులు తగ్గించుకుంది. ఆవిడ ఉద్యోగం నిలిచింది కానీ, టీమ్‌లో సగంమందికి పని పోయిందని స్వయంగా చెప్పాల్సి వచ్చింది. దాని గురించి కారులో ఆయన ఆవిణ్ణి ఏమీ అడగలేదు.

ఇంతలో ఆయన కూతురు తిరిగి వెళ్తానంది. ఆస్పత్రిలో రోగుల్ని చూడకుండా డాక్టరునెలా అవుతానన్నది ఆమె ప్రశ్న. యుద్ధం ఆగాక వెళ్దువుగానీ అని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన తండ్రే టికెట్ కొన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా కారులోనే ఎయిర్‌పోర్టుకు వెళ్లాం. ఉక్రెయిన్ పక్క దేశం దాకానే విమానం, అక్కణ్ణించి బస్సు. ఆవిడా వచ్చింది. తను అమెరికా వెళ్లినప్పుడు కొనుక్కున్న మందపాటి కోటు ఆ పిల్లకిచ్చింది. ఉత్తరాదిలోనే పెరిగిన పిల్ల హిందీలో థాంక్స్ చెప్పి, తండ్రి కాళ్లకు దణ్ణం పెట్టి లోపలికెళ్లింది.

గాజు తలుపుల బయట ఆయన అడిగారు. "ఆడ మా పిల్లకేం గాదు గద మేడమ్?"

"ఏం కాదంకుల్" అంది ఆవిడ.

తిరుగు దారిలో ఆయన వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చున్నారు. పని పోయిన వాళ్లు ఇప్పుడేం చేస్తున్నారని అడిగారు. ఆవిడ ఒక్కొక్కరి గురించీ చెప్పుకుంటూ వచ్చింది. మయూర్ విహార్ చేరేసరికి ఇంకా కొందరి సంగతి మిగిలే ఉంది. ఆయన తలుపు తీయకుండా వింటున్నారు. నేను ఇంజను ఆపి కూర్చున్నాను.