రెండో చీటీ

దెయ్యాలు, శకునాలు, చేతబడులు, వీటిలో దేన్నీ నేను నమ్మను. ముప్ఫై ఏళ్లుగా బళ్లో తెలుగు చెబుతున్నాను. నా నమ్మకమంతా కాగితం మీద సిరాతో రాసినదాని మీదే. నా ఖర్మ కొద్దీ, నాకు అంతుపట్టనిది కూడా కాగితం మీదే జరిగింది.

మా తమ్ముడు రవి విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. వాడూ, భార్య సుజాతా భవానీపురంలో ఉండేవారు. పిల్లలు లేరు. నేను రెండు వీధుల అవతల ఉంటాను. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో వాడికి వరసగా వారం సెలవు దొరికింది లేదు. ఆ ఏడు జూన్‌లో పదిహేను రోజులు ఇచ్చారు. మంచు చూడాలన్నాడు. మా ఊరి ఎండల్లో పెరిగినవాడికి మంచు అంటే ఫ్రిజ్‌లో పేరుకునేదే.

చివరికి రెండు చోట్లు మిగిలాయి. స్పితి, జాన్‌స్కర్. రెండూ హిమాలయాల్లో, మనిషి జాడ తక్కువుండే లోయలే. స్పితికి బస్సు వెళ్తుందని, ఏదైనా అయితే పలికే దిక్కు ఉంటుందని నేను అటు మొగ్గాను. జాన్‌స్కర్ చివరి ఊళ్లలో ఫోన్ పనిచెయ్యదట. వాడికి కావలసింది అదే. పిల్లల మార్కుల గురించి తల్లిదండ్రులు చేసే ఫోన్లకి జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. సుజాతకి ఎటైనా ఒకటే. నెల రోజులు ఇదే తగువు. ఆఖరికి, మన ఇళ్లల్లో ఏదీ తేలనప్పుడు చేసే పనే చేశాం. దేవుడి ముందు చీటీలు వేశాం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, వాళ్లింట్లోనే. వెలుతురు బాగా ఉంది. కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, రెండు ముక్కలు చేసి, నీలం పెన్నుతో నేనే రాశాను. "స్పితి వెళ్ళొస్తాం", "జాన్‌స్కర్ వెళ్ళొస్తాం". రాస్తూ పైకి చదివాను కూడా. ప్రయాణం మాట ఎత్తినప్పుడు "వెళ్తాను" అనకూడదని, "వెళ్ళొస్తాను" అనాలని మా అమ్మ నేర్పింది. బళ్లో పిల్లలు "వెళ్తాం టీచర్" అంటే వెనక్కి పిలిచి, సరిగ్గా అనిపించిగానీ పంపను. నాదంత చాదస్తం.

చీటీలు మడిచి, కలిపి, పళ్లెంలో వేశాను. సుజాత కళ్లు మూసుకుని ఒకటి తీసి రవికిచ్చింది. వాడు విప్పి చదివి నవ్వాడు.

"'జాన్‌స్కర్ వెళ్తాను.' ఇదేంటక్కా, మా ఇద్దర్లో ఒకళ్లనే పంపిస్తున్నావా?"

లాక్కుని చూశాను. అలాగే ఉంది. అక్షరాలు నావే. నేను రాసే "ళ"కి తోక పొడుగు. కోతితోక అని రవి చిన్నప్పటినుంచీ వెక్కిరించేవాడు. ఆ తోక కూడా ఉంది. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. మళ్లీ రాస్తానన్నాను. తీసిన చీటీ మార్చకూడదంది సుజాత. తీయని చీటీ విప్పకూడదంటారు కదా, దాన్ని కుంకుమ భరిణె కింద పెట్టింది. చెయ్యి జారి ఉంటుందిలే అని నేనూ సరిపెట్టుకున్నాను.

ప్రయాణానికి వారం ముందు సుజాత స్కూటీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. రవి మానేస్తానన్నాడు. మళ్లీ ఇన్ని సెలవులు ఎప్పుడొస్తాయని తనే బలవంతాన పంపింది. నేనూ వద్దనలేదు. చీటీ ముక్కకి భయపడిందని నవ్వుతారేమోనని నోరు మూసుకున్నాను. స్టేషన్లో వాడు "వెళ్ళొస్తానక్కా" అనే అన్నాడు. చెవులారా విన్నాను.

జాన్‌స్కర్‌లో ఒక చివరి ఊళ్లో, ఎవరింట్లోనో దిగాడు. మర్నాడు పొద్దున టీ తాగి, వాగు వెంట పైకి నడిచి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ రోజు వాన లేదు, మంచూ పడలేదు. తొమ్మిది రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు.

ఆ ఇంటాయన టౌనుకి దిగివచ్చినప్పుడు, నాకొచ్చిన కాస్త హిందీతో ఫోన్‌లో మాట్లాడాను. వెళ్లేముందు మావాడు ఏమన్నాడని అడిగాను. వెళ్తున్నానన్నాడు, అంతే, అని చెప్పాడాయన. హిందీలో అందరూ అలాగే అంటారు. ఆ సంగతి నాకూ తెలుసు.

బ్యాగు మాత్రం ఇంటికొచ్చింది. అందులో పర్సు, పర్సులో ఆ చీటీ ఉన్నాయి.

మనిషి దొరకలేదు కాబట్టి కర్మ చేయించాలో వద్దో ఎవరూ తేల్చి చెప్పలేదు. సుజాత బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దం చూసుకోదు. కుడిచేత్తో అన్నం కలుపుకోవడం మానేసి, ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. ఎప్పుడు వెళ్లినా ఒకటే మాట.

"ఈ చెయ్యే వదినా తీసింది. రెండోది తీసుంటే ఈపాటికి ఆయన ఇంట్లో ఉండేవారు."

ఏడాదిన్నర ఆ మాట విన్నాను.

మొన్నీమధ్య సుజాత వాళ్లింట్లో దేవుడి అర దులుపుతుంటే భరిణె కింద ఆ చీటీ కనిపించింది. కాస్త కుంకుమ అంటింది. వేసిన మడత వేసినట్టే ఉంది. సుజాత విప్పమంది. విప్పాను.

"స్పితి వెళ్తాను."

నా అక్షరాలే, తోకతో సహా. పర్సులో చీటీ తెచ్చి పక్కన పెట్టాం. చింపిన అంచులు సరిగ్గా కలిశాయి. ఒకసారంటే చెయ్యి జారిందనుకుంటాను. రెండు చీటీల్లోనూ, నోటితో ఒకటి చదువుతూ చేత్తో ఇంకోటి రాస్తానా? పోనీ ఎవరైనా మార్చారనుకుందామంటే, ఆ రోజు పళ్లెం మా ముగ్గురి మధ్యనుంచి కదల్లేదు.

సుజాత రెండు చీటీలూ మార్చి మార్చి చూసింది. "అయితే ఏది తీసినా ఇంతేనా వదినా? నా చెయ్యి కాదా?"

"నీది కాదమ్మా," అన్నాను.

ఆ మధ్యాహ్నం సుజాత కుడిచేత్తో అన్నం కలుపుకుంది. ఎదురుగా కూర్చుని నేను నా చేతి వంకే చూసుకున్నాను. తీసిన చెయ్యిది తప్పు కాకపోతే, మిగిలింది రాసిన చెయ్యే. సుజాత ఆ మాట అనలేదు. అనదు కూడా.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజునుంచి పెన్ను పట్టాలంటే భయం. బళ్లో సంతకం తప్ప ఏమీ రాయడం లేదు. ఇదంతా కూడా నేను చెబుతుంటే సుజాతే రాసింది, కుడిచేత్తో.