సుధీర్ కారు దగ్గర ఎడమకు

ఢిల్లీ జనక్‌పురిలో మా వీధికి రెండు పక్కలా కార్లే. నడవడానికి మిగిలిన చోటు తలుచుకుంటే నాకు బీపీ పెరుగుతుంది. ఆ కార్లను మనసారా మెచ్చుకునే మనిషి మా వీధి మొత్తానికి ఒక్కరే, మా పైవాటా భీమశంకరంగారు.

ఆయనది కాకినాడ. సెంట్రల్ గవర్నమెంటులో పనిచేసి ఇక్కడే రిటైరయ్యారు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. అయినా పొద్దున్నే పాల బూత్‌కు ఒక్కరే వెళ్లాలి. కర్ర పట్టుకోరు. భార్య అనసూయగారు తోడొస్తానంటే అంతెత్తున లేస్తారు.

"చెయ్యి పట్టుకుని నడిపించడానికి నేనేవన్నా పసిపిల్లాడినా?"

కార్ల పక్క అద్దాలే ఆయనకు దారి చూపేవి. మా వీధిలో ఒకరి పార్కింగ్‌లో ఇంకొకరు పెడితే తలలు పగులుతాయి కాబట్టి ఏ కారు చోటు దానిదే. గుండ్రటి అద్దం డాక్టరుగారిది, టేపు చుట్టింది సర్దార్జీది, వెడల్పాటిది సుధీర్‌ది. సుధీర్ అద్దం చేతికి తగలగానే ఎడమకు తిరిగితే బూత్. ముఖం చూసుకుని మురిసిపోయే మనకు ఈ ఉపాయం తట్టదు.

సుధీర్ ఆ మలుపులో అద్దెకుండే విజయవాడ కుర్రాడు. కిందటి చలికాలం పాత కారు అమ్మేసి కొత్తది కొన్నాడు. తాళం వేస్తే అద్దాలు వాటంతటవే మడుచుకుంటాయి. మంచు పట్టినా వేడెక్కి ఆరిపోతాయి. దారిన పోయేవాళ్లను కూడా ఆపి, తాళం తీసి, వేసి చూపించాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా!

మర్నాడు ఆ అద్దం భీమశంకరంగారి చేతికి అందలేదు. ఇంకా రాలేదేమోననుకుని ముందుకు వెళ్లి, మెయిన్ రోడ్డెక్కేశారు. ఈ-రిక్షావాడు బ్రేకు వేయబట్టి బతికిపోయారు. కాలనీ గేటు దగ్గర గార్డు ఇంటికి తీసుకొచ్చాడు. అనసూయగారు పాలసంచి లాక్కున్నారు.

"ఇంక ఒక్కరూ గడప దాటారంటే నా మీద ఒట్టే!"

ఆ తర్వాత ఆయన మాట్లాడడం మానేశారు. రేడియో పెట్టరు. కాఫీ చల్లారిపోయినా ముట్టరు. ఎప్పుడూ మెట్ల మీదే మమ్మల్ని ఆటపట్టించే మనిషి అలా కూర్చుంటే నాకు చూడబుద్ధి కాలేదు. పలకరించడానికి సుధీర్ వెళ్లాడు.

"నీ అద్దం ఏదోయ్?" అని మాత్రం అడిగారు.

"లాక్ చేస్తే మడుచుకుంటుంది అంకుల్, ఆటోమేటిక్..." అంటూనే సుధీర్‌కు విషయం అర్థమైంది. ఆ సాయంత్రమే కార్లో కూర్చుని, అది దానంతటది మడుచుకోకుండా సెట్టింగ్ మార్చాడు. వాడే బతిమాలి అనసూయగారి చేత ఒట్టు తీసి గట్టున పెట్టించాడు.

భీమశంకరంగారు మళ్లీ బయల్దేరారు. ఒక్కోరోజు సుధీర్ ఆఫీసుకు వెళ్లే తొందరలో అద్దాలకు వేడి పెట్టి ఉంచేవాడు.

"అచ్ఛా! కాఫీ గ్లాసులా ఉందోయ్," అంటూ ఆయన చలికి కొంకర్లు పోయిన వేళ్లు ఆనించుకునేవారు.

జనవరిలో ఎవడో టెంపోవాడు తెరిచి ఉన్న ఆ అద్దాన్ని గుద్ది వెళ్లిపోయాడు. పొద్దున్న ఆయన చేతికి వైర్లకు వేలాడుతున్న ముక్క తగిలింది. తడిమి చూసి, పాల సంగతి మరిచి సుధీర్ తలుపు కొట్టారు.

"నా కోసవే కదూ తెరిచి పెట్టావు?"

"పోన్లెండి అంకుల్, కొత్తది వేయిస్తాను."

"వేయించి మడిచి పెట్టు బాబూ. నా మొండితనానికి నీ బండి ఎన్ని దెబ్బలు తింటుంది?"

ఇంటికొచ్చి, "అనసూయా, రేపట్నుంచి నువ్వూ రా," అన్నారు. ఆవిడ ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే. అయినా ఆయన ఓడిపోయి ఆ మాట అన్నారని వంటింట్లో కూర్చుని ఏడ్చారు.

మర్నాడు పొగమంచు. పాలకు బయల్దేరిన నాకు నా చెయ్యే కనబడలేదు. ముందెక్కడో అనసూయగారి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఆగండి! నాకేం కనబడ్డంలేదు. ఎటెళ్లాలో తెలీట్లేదు. భయవేస్తోంది."

ఆయన అడుగులు ఆగి, వెనక్కి వచ్చాయి. తర్వాత భీమశంకరంగారు, ఎన్నడూ ఎవరి ముందూ ఒప్పుకోని మాట, మెల్లగా అన్నారు.

"నాకు రోజూ ఇలాగే ఉంటుంది, అనసూయా. చెయ్యి వదలకు. నేను తీసుకెళ్తాను."

కార్లను తడుముతున్న చప్పుడు, ఆ వెనకే సుధీర్ కారుకు వేలాడుతున్న అద్దం ముక్క కదిలిన చప్పుడు వినిపించాయి. ఇద్దరి అడుగులూ ఎడమకు తిరిగాయి. నేను వాళ్ల వెనకాలే నడిచాను.