సుషీకి పనికిరాని పాత బియ్యం

రెండువేల ఏడు, జనవరి. తెనాలిలో మా బియ్యం కొట్టుకి రెండు వీధుల అవతల కరీముల్లా జపాన్ హోటల్ తెరిచి పది రోజులైంది. సింగపూర్‌లో అలాంటి హోటల్లోనే ఎనిమిదేళ్ళు చేపలు కోసి వచ్చిన మనిషి. అన్నం వండే పని మాత్రం అక్కడ వేరేవాళ్ళదట.

అతనికి బియ్యం ఇచ్చింది నేనే. “మామ్మగారూ, కొట్లో అన్నిటికన్నా మంచివి ఇవ్వండి” అన్నాడు. మా వ్యాపారంలో మంచివంటే పాతవి. బీపీటీ, అంటే బాపట్లలో పుట్టిన సన్న రకం, రెండేళ్ళు ఏజింగ్ చేసినవి, అదే బస్తాల్లో మాగబెట్టినవి, పంపాను. వండితే మెతుక్కి మెతుకు అంటదు.

ఒకరోజు పొన్నూరు నుంచి వచ్చిన పాత ఖాతాదారు నవ్వుతూ అన్నాడు. “ఏంటి మామ్మా, మీ బియ్యం వల్ల ఆ హోటల్ మూతపడేట్టుందంటగా!”

నలభై ఏళ్ళ కొట్టు. ఒక్కరూ నా బియ్యానికి వంక పెట్టలేదు. కొట్టు మూసి తిన్నగా హోటల్‌కే పోయాను.

“రండి మామ్మగారూ, కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు. నా బియ్యానికేం రోగం?”

ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. సుషీ అంటే పుల్లటి అన్నం ముద్ద, దాని మీద ఉడికించిన రొయ్య. పట్టుకున్నానో లేదో, అన్నం జలజలా బల్ల మీద రాలింది. ఏరుకుని తిన్నాను. పారేయడం నా వల్ల కాదు.

“చూశారుగా. రేపు మధ్యాహ్నం రేపల్లె రొయ్యల కంపెనీ ఆయన ఇద్దరు జపాన్ వాళ్ళని తీసుకొస్తున్నాడండి. వాళ్ళ ముందు ఇలా రాలితే ఎల్లుండి బోర్డు దించేయడమే.”

పక్క బల్ల మీద స్టవ్, దాని మీద గిన్నెలో పల్చటి పులుసు మరుగుతోంది. చుట్టూ పచ్చి ఆకులు, చేపముక్కలు.

“అదేంటి?”

“హాట్ పాట్ అండి. ఎవరికి కావాల్సింది వాళ్ళు ఉడకేసుకుని తింటారు.”

“డబ్బులిచ్చి మళ్ళీ మేమే వండుకోవాలా? బాగుందిరా నీ వ్యాపారం!”

వంటింట్లోకి వెళ్ళాను. వంటావిడ గంజి వార్చి తూములో పోస్తోంది. “గంజి పారబోస్తావేంటమ్మా, జిగురంతా దాన్లోనే పోతుంటే!” అని అరిచాను. నా మాట నాకే వినబడి ఆగిపోయాను. అతనికి కావాల్సింది ముద్ద. నేనిచ్చింది పొడి. ఉన్న ఆ కాస్త జిగురూ తూములో పోతోంది.

పిట్టలవానిపాలెం నుంచి అప్పుడే మా కొట్టుకి వచ్చిన కొత్త బియ్యం బస్తా తెప్పించాను. కొత్తవాటిలో మాయిశ్చర్, అంటే గింజలో తేమ, ఎక్కువ. అన్నం ముద్దవుతుందని ఎవరూ కొనరు.

“కొత్త బియ్యమా? అతిథులకి పెడితే పరువు పోదటండీ?”

“ఇప్పుడు మిగిలిన పరువెంతరా? గంజి వార్చకు. కొలిచి ఎసరు పోసి అత్తెసరు పెట్టు. నీళ్ళన్నీ గింజే తాగాలి.”

మొదటి వాయ చిమిడిపోయింది. మజ్జిగ పోసి పనివాళ్ళకి పెట్టించాను. రెండోది అడుగంటింది. మూడోదాన్ని కరీముల్లా ముద్ద చేసి, విసిరి పట్టుకున్నాడు. మెతుకు రాలలేదు.

మర్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. ఇద్దరిలో పెద్దాయన పుల్లలతో సుషీ ఎత్తాడు. ముద్ద ముద్దగానే నోట్లోకి పోయింది. నములుతూ ఏదో అన్నాడు. కంపెనీ ఆయన ఇటు తిరిగి, “ఈ బియ్యం ఎవరిచ్చారని అడుగుతున్నారు” అన్నాడు.

కరీముల్లా నన్ను ముందుకు తీసుకొచ్చాడు. “ఈ మామ్మగారండి. ఈవిడ బియ్యానికి వంక పెట్టాను. తప్పు నాదండి.” హోటల్ నిండా జనం ఉండగా అన్నాడు.

మళ్ళీ రెండు ప్లేట్లు తెప్పించుకున్నారు. చివర్లో హాట్ పాట్ అడుగున మిగిలిన పులుసులో అన్నం వేసుకుని గిన్నె ఖాళీ చేశారు. వాళ్ళు తిండి విలువ తెలిసినవాళ్ళని అప్పుడు నమ్మాను. వారంలో కంపెనీ ఆయన ఇంకో పదిమందిని తీసుకొచ్చాడు. పొన్నూరు ఆయన కూడా వచ్చి తిని వెళ్ళాడు. వంక పెట్టలేదు.

తప్పులో సగం నాదే. నలభై ఏళ్ళు మంచి బియ్యం అంటే ఏంటో నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఇప్పుడు ఎవరొచ్చి మంచివి ఇమ్మన్నా, ముందు ఏం వండుతారో అడుగుతాను. చెప్పకపోతే తూచను.