గుడ్డ తీగ మీద పడేదాకా

మొన్న మా చిన్న కోడలు ఫోనులో ఒక వీడియో చూపించింది. తాను ఆయాగా పనిచేసే పసిపిల్లల ఆశ్రమంలో మనసు తేలికపడాలని శిక్షణ పెట్టారట. ఆయాలను వరుసగా నిలబెట్టి, బాధలన్నీ బెలూన్లలోకి ఊది పగలగొట్టమని, ఆపైన చేతులెత్తి గట్టిగా నవ్వమని చెప్పారట. నా ఈడు వాళ్లు చూస్తే ఏమనేవారో గాని, నాకు మాత్రం ఒళ్లంతా రోత పుట్టింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ కొత్తకోట దగ్గర అలాంటి ఆశ్రమంలోనే ఆయాగా చేశాను. బస్టాండులో ఎవరో వదిలేసిన బిడ్డో, అచ్చంపేట అవతలి అడవి పల్లెల్లో తల్లి చనిపోయిన బిడ్డో మా చేతికొచ్చేది. నెలల తరబడి పాలుపట్టి, జ్వరమొస్తే ఒళ్లోంచి దింపకుండా పెంచాక, ఒకరోజు దత్తత తీసుకునేవాళ్లు కారులో వచ్చి తీసుకెళ్లేవారు. మాలో పెద్దామెను అందరం ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్లం. ఆమె ఒక పద్ధతి పెట్టింది. వెళ్లిపోయిన బిడ్డ ఉయ్యాల గుడ్డలను పెంచినామె చేతనే పెరట్లో కుళాయి కింద ఉతికించేది. "ఈడనే కడుపునిండ ఏడ్వు బిడ్డా. గుడ్డ తీగె మీద పడ్డంక మల్ల ఏడ్వకు, లోపట ఇంకో పిల్ల పాలకు చూస్తాంది" అనేది.

ఖాలా పెంచిన పిల్ల వెళ్లిన రోజు, ఆమె ఏడుపు వాకిట్లోకి వినిపించింది. దత్తత వాళ్లతో ఫోటోలు దిగుతున్న మా ఆశ్రమం ఆఫీసరు మొహం చిట్లించాడు. కారు కదలగానే ఖాలాను పిలిపించి, వచ్చినవాళ్ల ముందు పరువు తీశావని తిట్టి, ఇకమీదట ఆవరణలో ఏడవనని కాగితం రాయించి వేలిముద్ర వేయించుకున్నాడు. ఏడవనని హామీ పత్రం! ఆ కాగితం మీదకంటే ఎక్కువ అసహ్యం నా మీద నాకే, ఎందుకంటే సిరా డబ్బా తెచ్చి పట్టుకుని నిలబడింది నేనే. ఉద్యోగం పోతుందని భయపడి ఒక్క మాటా అనలేదు.

ఆ తర్వాత కూడా ఖాలా గుడ్డలు ఉతికింది, కన్ను మాత్రం తడవలేదు. కొత్త పిల్లల్ని ఎత్తుకోవడమూ తగ్గించింది. రెండు నెలలకు పనే మానేసింది.

కోడలి ఆశ్రమంలో ఇప్పుడు గుడ్డలుతికే మిషను ఉంది. శిక్షణలో నవ్వినట్టు సంతకాలు కూడా తీసుకున్నారట, ఛీ! తాను ఏడాదిగా పెంచిన పిల్లను ఆ శిక్షణ రోజు పొద్దుటే దత్తతకు తీసుకెళ్లారని కోడలు చివర్లో చెప్పింది. నేను ఖాలా సంగతి చెప్పాను. అంతా విని, మా ఇంటి బీరువాలో ఉతికి మడతపెట్టిన దుప్పట్లే తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. ఆనాడు సిరా డబ్బా పట్టుకున్న చేతులతోనే తడి దుప్పటి రెండో కొస పట్టుకుని నేనూ పిండాను. తీగ మీద వేయమని తొందరపెట్టలేదు.