డ్రైవరుగారి మంగళవారాలు

దర్జీపని చేసే ఆవిడకు ముప్పై రెండేళ్ల కాపురంలో మొగుడి మీద ఒక్కటే ఫిర్యాదు: మాట్లాడడు. ఆయన బస్సు డ్రైవరు. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డును బస్సులో వదిలేసి రాక ఇంటికి కూడా మోసుకొచ్చాడని ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది.

ఆయనకు కాలేయంలో కేన్సర్ ముదిరింది. ఇక నయమయ్యే దారి లేదని, నొప్పి తెలియకుండా మాత్రం చూస్తామని చెప్పి డాక్టర్లు ఇంటికి పంపేశారు. అప్పటినుంచి ప్రతి మంగళవారం ఆస్పత్రి తరఫున ఒక సోషల్ వర్కర్ వచ్చేది. పాతికేళ్ల పిల్ల. తలుపు దగ్గరగా వేసి ఆయన మంచం పక్కన కూర్చునేది.

మొదటి రోజే, ముందుగదిలో కుట్టుమిషన్ తొక్కుతున్న ఆవిడకు మొగుడి గొంతు వినబడింది. ఒకటీ అరా మాట కాదు, గంటసేపు. మధ్యలో నవ్వొకటి! ఆవిడ కాలు ఆగింది. మిషన్ చప్పుడు ఆగేసరికి లోపల మాటలూ ఆగాయి. మళ్లీ తొక్కితే మళ్లీ మొదలయ్యాయి.

ఒళ్లు భగ్గున మండింది. మందులు మింగించేది తను, ఒళ్లు తుడిచేది తను, పక్కబట్టలు మార్చేది తను. కబుర్లు మాత్రం నిన్నగాక మొన్న వచ్చినదానికా? ఆ వారం ఎవరిదో చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేసింది.

నాలుగో మంగళవారం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆయన పడుకున్నాడు."

లోపల దగ్గు వినిపించింది. ఇద్దరూ విన్నారు. పిల్ల వెనక్కి పోలేదు, మెట్టు మీద కూర్చుంది.

"అయితే మీతో మాట్లాడతానమ్మా. మీరెలా ఉన్నారు?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఆయన నీతో ఏం చెబుతాడో అది చెప్పు ముందు."

"ఆయన చెప్పినవి నేను బయటపెట్టకూడదమ్మా. నేనడిగేది మాత్రం చెప్పగలను. 'ఇవాళ దేనికి భయంగా ఉంది?' అంటాను. అంతే."

జబ్బని తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ "మీకేం కాదు, ఊరుకోండి" అనడమే తప్ప ఆ మాట అడిగిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడే మంచం పక్క కుర్చీలో కూర్చుని ఆ మాట అడిగింది. ఆయన గోడవైపు తిరిగాడు.

"నువ్వు ఏడుస్తావే."

"ఏడుస్తాను. మీరు చెప్పండి."

చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ ఏడ్చింది. ఆయన ఆపలేదు.

ఆ తరవాత ఐదు వారాలు బతికాడు. మంగళవారాల్లో ఆవిడ ఆ కుర్చీ వదిలితే ఒట్టు. పిల్లకు స్టూలు వేసేది.

ఆయన పోయిన నెలకు పిల్ల పలకరించడానికి వచ్చింది. ఆవిడ చేయి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

"నాతో చెప్పినవి నా దగ్గరున్నాయి. మొదటి మూడు వారాలవీ నీ దగ్గరే ఉండిపోయాయి చూడు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుందే అమ్మాయీ."

పిల్ల సర్దిచెప్పబోలేదు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని అడిగింది. ఆవిడ కాసేపు బెట్టుచేసి, మంగళవారాలు ఆయనవని, శుక్రవారం రమ్మంది.