నాడెకు లేని ఎంగిలి

ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయి వస్తాను. మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి పాఠం సూక్ష్మజీవుల చరిత్ర. ఆ పాఠమంటే నాకు భలే ఇష్టం, ఎందుకంటే అది ఒక బట్టల వ్యాపారితో మొదలవుతుంది. హాలండ్ దేశంలో ఒకాయన, నేతలో నూలు ఎట్లా ఉందో అద్దం పెట్టి చూసుకునే వృత్తివాడు, ఇంకా మంచి అద్దాలు తనే సానబట్టుకొని చెరువు నీళ్లు చూశాడు. తన పళ్ల మీది పాచి కూడా చూశాడు. వాటిలో కదిలే ప్రాణులు కనిపించాయి. "మనలాంటోడే, చూడండి" అని క్లాసులో గొప్పగా అంటాను. మాది మగ్గం ఇల్లు మరి. ఆ గొప్పకు ఏ ఏడాదీ లోటు రానివ్వలేదు.

మా ఇంట్లో ఉన్నది ఒకే గుంట మగ్గం. నాయన, చిన్నాయన వంతులేసుకొని నేసేవారు. పోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు చుట్టిన కండె అయిపోయి కొత్తది పెట్టినప్పుడల్లా దారం కొసను నాడె పక్కనుండే చిన్న రంధ్రంలోంచి బయటికి లాగాలి. దానికి సూదీ పుల్లా ఏమీ అక్కర్లేదు. రంధ్రానికి నోరు పెట్టి ఒక్క పీల్పు పీలిస్తే దారం నాలుక మీదికి వచ్చేస్తుంది. నాయన పీల్చిన నాడెనే తర్వాత చిన్నాయన పీల్చేవాడు. మా నాయనమ్మకు ఎంగిలి పట్టింపు జాస్తి. ఆమె బతికున్నన్నాళ్లూ చెంబు పైకెత్తి నీళ్లు పోసుకోవాల్సిందే, పెదవి తగిలిందా, తిట్లే. నాడెకు మాత్రం ఎంగిలి లేదు. ఎందుకు లేదని అడిగితే, "అది పనిముట్టు గదా" అని ఊరుకునేది.

పోయిన ఎండాకాలం చిన్నాయనకు దగ్గు పట్టుకొని వదల్లేదు. మనిషి చిక్కిపోయాడు. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి టీబీ అన్నారు, మందులు మొదలుపెట్టారు. మా అందరికీ పరీక్షలు చేశారు. మాకేమీ లేదు. చిన్నాయన పెళ్లి చేసుకోలేదు. మా ఇల్లే ఆయన ఇల్లు, ఆ మగ్గమే ఆయన చోటు. ఇక ఎట్లా మెలగాలో చెప్పమని అందరూ నా మొహం చూశారు. ఇంట్లో చదివినదాన్ని నేనే, పైగా ఈ చదువే చదివినదాన్ని.

నేను చేసిన ఘనకార్యం ఇది. నాడె రంధ్రాన్ని తడి దూదితో తుడిచి, కాలేజీ ల్యాబులో గాజు పళ్లెం మీద పూసి అందులోని క్రిములను పెంచాను. పళ్లెం నిండా తెల్లవీ పసుపువీ చుక్కలు లేచాయి. ఒకే నాడెను ఇద్దరూ పీల్చొద్దని చెప్పి, ఫోటో తీసుకొచ్చి ఇంట్లో అందరి ముందూ చూపించాను.

నాయన ఫోను కళ్ల దగ్గర పెట్టుకొని చూశాడు. చిన్నాయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు.

"అవన్నీ నా నోట్లోవేనా పాపా?" అన్నాడు.

టీబీ క్రిమి అలాంటి పళ్లెంలో అంత తొందరగా లేవదని నాకు తెలుసు. ఆ చుక్కలు ఎవరి నోట్లోనైనా ఉండేవే. నా ఫోను తుడిచి పెంచినా అట్లాంటివే లేచేవి. ఆ మాట అక్కడే చెప్పాలి. చెప్పలేదు. నా మాట నెగ్గుతోంది కదా అనుకున్నాను.

"ఎవురివైతే ఏం చిన్నాయనా, మన జాగ్రత్తలో మనముంటే మంచిది గదా" అన్నాను.

మరుసటి రోజు ఆయనకు వేరే గ్లాసు, వేరే పళ్లెం నేనే కొనుక్కొచ్చాను. ఆయన ఎవరూ చెప్పకుండానే మగ్గం గుంటలోంచి లేచి, రాట్నం తీసుకొని బయటి పంచలోకి పోయాడు. అప్పటినుంచి అక్కడే కండెలు చుడుతున్నాడు, అక్కడే తింటున్నాడు.

కాలేజీ మళ్లీ తెరిచాక అదే మొదటి పాఠం చెబుతున్నాను. క్రిముల సంగతి తెలియక ముందు రోగాలన్నీ చెడుగాలి వల్లే వస్తాయని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారని చెప్పి, ఏటా చేసినట్టే ముక్కు మూసుకొని చూపించాను. పిల్లలు నవ్వారు. తర్వాత ఒక జర్మన్ డాక్టరు టీబీ క్రిమిని కనిపెట్టిన సంగతికి వచ్చాను. అది ఎట్లా వ్యాపిస్తుందో బోర్డు మీద రాస్తూ, 'దగ్గినప్పుడు గాలి ద్వారా' అన్న చోట నా చెయ్యి ఆగిపోయింది.

మా మగ్గం గది కళ్ల ముందుకు వచ్చింది. ఎండకు నూలు ఆరితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని ఎండాకాలమంతా కిటికీ బిగించి, నేల మీద నీళ్లు చల్లుతారు. ఆ మూసిన గదిలోనే ఆయన దగ్గినన్నాళ్లూ అందరం కూర్చున్నాం. నేను ఆ కిటికీ జోలికి పోలేదు. గ్లాసు జోలికి పోయాను. గ్లాసుతో, పళ్లెంతో టీబీ రాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను ఆ జవాబుకు. ఇంటికొచ్చేసరికి నాకు పనికొచ్చింది పుస్తకం కాదు, నాయనమ్మ ఎంగిలి. దానికే క్రిమి అని పేరు పెట్టి, ఫోటో తీసి చూపించాను. ఆమె వదిలేసిన నాడెకు కూడా అంటగట్టాను. పిల్లల వైపు తిరగలేక బోర్డు తుడుస్తూ నిలబడ్డాను.

సాయంత్రం ఇంటికి రాగానే మగ్గం గది కిటికీ తెరిచాను.

"ఏయ్, మూయ్! పడుగు తెగుతాది" అని కేకేశాడు నాయన.

"గాలి ఆడాల నాయనా. ఆ జబ్బు గాల్లో వస్తాది. నాడెతో గాదు, గ్లాసుతో గాదు."

"అప్పుడు నాడె అంటివి. ఇప్పుడు గాలి అంటాండావు. రేపు ఇంగేమంటావో!" గుంటలోంచి లేచి ఆయనే కిటికీ మూసేశాడు.

పంచలోకి వచ్చాను. చిన్నాయన కండె చుడుతున్నాడు. మందులు పనిచేసి మొహం తేటపడింది. ఇక ఆయన నుంచి ఎవరికీ అంటుకునే భయం లేదని డాక్టరు కూడా అప్పటికే చెప్పాడు. ఆయన పక్కన కూర్చొని, నేను తప్పు చెప్పానని, ఈ పంచా ఈ గ్లాసూ ఏదీ అక్కర్లేదని, లోపలికి రమ్మని చెప్పాను. చెబుతూ ఆయన గ్లాసులో నీళ్లు తాగబోయాను.

చటుక్కున లాక్కున్నాడు. సగం నీళ్లు నా ఒళ్లో పడ్డాయి.

"పిచ్చా నీకు? నువ్వే గదా సూపిస్తివి."

"డాక్టరు సెప్పినాడు గదా చిన్నాయనా, భయం లేదని."

"డాక్టరుదేముంది, ఊరందరికీ సెప్తాడు. నువ్వు మా ఇంటి బిడ్డవు."

ఆ గ్లాసును నాకు అందకుండా తన అవతలి పక్కన పెట్టుకొని మళ్లీ రాట్నం తిప్పసాగాడు. మా ఇంట్లో నా చదువును నమ్మిన మనిషి ఆయనొక్కడే.