క్యాలెండరు చీటీతో నా హిందీ కవితాగానం

పెళ్లికొడుకులా ముస్తాబై వెళ్లి, ఒక్క కవిత చదివి, చేతికందిన ఉద్యోగాన్నీ, ఉన్న కాస్త పరువునూ ఒకేసారి పోగొట్టుకున్న మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

యాభైల నాటి మాట. అప్పుడు మాది మద్రాసు చూలైలో కాపురం. పురసవాక్కంలో ఒక బడికి హిందీ పంతులు కావాలన్నారు. నాకు హిందీ అక్షరాలు వచ్చు. అర్థాలతో మాత్రం పరిచయం లేదు. పరీక్షలన్నీ బట్టీపట్టి గట్టెక్కిన వీరుణ్ణి.

"మా హిందీ ఉత్సవానికి ఉత్తరాది పండితులవారు వస్తున్నారు. ఆయన ముందర మంచి కవిత ఒకటి చదువు. ఆయన సరేనంటే ఉద్యోగం నీదే" అన్నారు హెడ్మాస్టరుగారు.

కవిత కోసం వెతకాల్సిన పనే లేదు. జార్జి టౌన్‌లో నాయన పనిచేసే బట్టల కొట్టు సేటు ఇచ్చిన హిందీ క్యాలెండరు మా గోడకే ఉంది. రోజుకో చీటీ, చీటీకో కవిత. అన్నిట్లోకీ పొడుగైనదాన్ని, చక్కగా ప్రాస కుదిరి చుట్టూ పువ్వుల గీతలున్నదాన్ని చించుకుని వారం రోజులు వల్లించాను.

"ఏందిరా ఆ ఏడుపు?" అంది అమ్మ వంటింట్లోంచి.

"ఏడుపు కాదమ్మా, భావం! కవి పడే బాధ!"

"ఏం బాధరా?"

"చెప్పినా నీకు తెలీదులే."

నాకూ తెలీదని మీకు వేరే చెప్పాలా?

సభలో గొంతు వణికిస్తూ చదివాను. ఆవేశంలో గుండెమీది చెయ్యి పొట్టమీదికి జారినా లెక్కచేయలేదు. హిందీ ముక్క రాని జనం చప్పట్లతో పందిరి అదరగొట్టారు. పండితులవారు నన్ను పక్కకు పిలిచి, భుజం నిమిరి, మెల్లగా ఏదో అడిగారు.

"జీ హా!" అన్నాను. నాకొచ్చిన సంభాషణ అంతే.

ఇంకా మెల్లగా ఇంకేదో అడిగారు.

"జీ హా! జీ హా!"

ఆయన కళ్లు చెమర్చాయి. ఉద్యోగం ఖాయమైపోయిందనుకున్నాను. అమ్మ వీధంతా మైసూరుపాకు పంచింది.

మర్నాడు బడినుంచి పార్సెలు వచ్చింది. "ఉద్యోగం ఆర్డరు ఇంత బరువుగా ఉండాదేరా!" అని మురిసిపోయాడు నాయన. చుట్టుపక్కలవాళ్లందరి ముందరా విప్పాను. మూడు డబ్బాల చూర్ణం, హెడ్మాస్టరుగారి ఉత్తరం. తెలివైనవాణ్ణి కదా, దాన్ని పైకే చదివాను.

"నాయనా, నువ్వు చదివింది మలబద్ధకానికి వాడే విరేచనాల మందు ప్రకటన. ఆ బాధ నీదేనా అని పండితులవారు అడిగితే అవునన్నావట. పుట్టినప్పటినుంచీనా అంటే రెండుసార్లు అవునన్నావట. ఆయన జాలిపడి ఈ మందు ఇచ్చారు. ముందు ఒళ్లు బాగుచేసుకో. ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశాం."

అమ్మ అప్పటికే వేణ్ణీళ్లు తెచ్చేసింది.

"నాకేం లేదమ్మా!"

"ఊరుకోరా! ఆడ సభలో అందరికీ చెప్పుకుంటివి, ఈడ కన్నతల్లికి దాస్తావా? నోరు తెరువు!"

ఆ పూటంతా దొడ్లో కూర్చుని, తలుపు గడియ సాక్షిగా శపథం చేశాను. ఈ జన్మలో అర్థంకాని భాషలో ఎవరెంత ప్రేమగా పలకరించినా సరే, "జీ నహీ" అనే అంటాను.